పిన్ని దగ్గర ఉంటాను

ఆ చలికాలం మా ఇంట్లో తెలుగు తగ్గిపోయింది.

మొదట్లో నేను పట్టించుకోలేదు. మేముండే పాయింట్ కుక్ నుంచి సిటీలో మా బ్యాంకు ఆఫీసుకి కార్లో పోవడానికే ఒక మనిషి ఓపిక అయిపోతుంది. తిరిగొచ్చేసరికి చీకటి. ఈ దేశంలో జూన్ అంటే నడి చలికాలం, సాయంత్రం అనేది ఉండదు, మధ్యాహ్నం నుంచి నేరుగా రాత్రిలోకి పడిపోతాం. ఇంటికొచ్చి హీటర్ ముందు కూలబడి, నీలిమ చెప్పే కబుర్లు సగం వింటూ సగం వదిలేస్తూ అన్నం తినడం నాకు అలవాటు. నీలిమ వరంగల్ మనిషి. కుక్కర్‌తోనూ మాట్లాడుతుంది, కరివేపాకు మొక్కతోనూ మాట్లాడుతుంది. మా వాడు ఆర్యన్ ఇంగ్లీషులో జవాబిస్తే తెలుగులో చెప్పేదాకా కంచంలో కూర వెయ్యదు. అలాంటి మనిషి ఆ జూన్‌లో ఒకరోజు "డిన్నర్ ఈజ్ రెడీ" అంది. నేను నవ్వి ఊరుకున్నాను.

గమనించింది ఆర్యనే. ఓ పొద్దున బడి దగ్గర దింపుతుంటే అడిగాడు.

"డాడ్, వై ఈజ్ అమ్మ టాకింగ్ లైక్ మై టీచర్?"

అప్పుడు లెక్క వేసుకుంటే, అది మొదలైంది మే నెల ఆఖర్లో ఒక మంగళవారం అని తేలింది. ఆ రోజు నేను ఇంటి నుంచే పని చేస్తున్నాను.

నీలిమ ఫోన్ ఇంటర్‌ప్రెటర్. ఇంగ్లీషు రానివాళ్లకి ఆసుపత్రిలోనో కోర్టులోనో పని పడితే, వాళ్లు ఫోన్ చేస్తారు, ఈమె ఇక్కడ మా చిన్న గదిలో తలుపేసుకుని ఇటు మాట అటు, అటు మాట ఇటు చెబుతుంది. ఎవరిదైనా సరే, వాళ్ల మాటని "నేను" అనే చెప్పాలి. 'ఆమెకి కడుపులో నొప్పిగా ఉందట' అనకూడదు, 'నాకు కడుపులో నొప్పిగా ఉంది' అనాలి. విన్నది గది దాటకూడదు. నేనడగను, ఆమె చెప్పదు. తొమ్మిదేళ్ల కాపురంలో మేం పెట్టుకున్న నియమాల్లో చెక్కుచెదరకుండా నిలిచింది అదొక్కటే.

ఆ మంగళవారం ఆమె గదిలోంచి చాలాసేపు రాలేదు. వచ్చాక కెటిల్ ఆన్ చేసి, అది మరిగి ఆరిపోయినా అలాగే నిలబడింది. నేను డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని ఏదో మీటింగ్‌లో ఉన్నాను, మైక్ మ్యూట్‌లో ఉంది.

"వంశీ, ఒక మాట అడుగుత చెప్పు," అంది. "'పిన్ని దగ్గర ఉంటాను.' దీన్ని ఇంగ్లీష్‌ల ఏమంటవ్?"

నేను తల ఎత్తకుండానే అన్నాను. "ఐ విల్ లివ్ విత్ మై ఆంట్."

"స్టే అనొచ్చు కదా?"

"అనొచ్చు. రెండూ ఒకటే."

"ఒకటేనా?"

"దాదాపు. ఎందుకు?"

"ఊరికే," అంది. టీ కలిపి, తాగకుండా సింకులో పోసేసింది.

ఆ తర్వాత ఆ ప్రశ్న ఆమె ఎంతమందిని అడిగిందో నాకు తెలీదు. ఆర్యన్‌ని అడగడం మాత్రం విన్నాను. వాడు గేమ్ ఆడుతూ "ఐ విల్ బీ అట్ పిన్నీస్" అన్నాడు. ఆమె వాడి భుజం మీద చెయ్యేసి, "బీ అంటవా? బీ అంటే సరిపోతదా?" అంది. వాడు "ఇట్స్ ఫైన్, అమ్మా" అని మళ్లీ ఆటలో పడిపోయాడు. ఆమె అక్కడే నిలబడి చాలాసేపు వాణ్ని చూసింది. ఆ రోజుల్లోనే ఆమె మాట మధ్యలో ఆగడం మొదలైంది. 'ఉప్పు సరిపోయిందా' అని మొదలుపెట్టి ఆగి, తలూపి, ఇంగ్లీషులో అడిగేది. ఒళ్లు బాగాలేదేమో అనుకున్నాను. చలికి అందరం అంతో ఇంతో ముడుచుకుపోతాం కదా అనుకున్నాను.

జూలైలో మా స్నేహితురాలు శ్రావ్య వాళ్ల బాబు మొదటి పుట్టినరోజు. దగ్గర్లోని కమ్యూనిటీ హాల్లో చేశారు. బయట వాన, లోపల పిల్లల కేకలు, బిర్యానీ ఆవిరి. నీలిమ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు వడ్డన టేబుల్ దగ్గర నిలబడ్డారు. నేను ప్లేటు పట్టుకుని వరసలో ఉన్నాను. టేబుల్ అవతల కుర్చీలో మంగళ కూర్చుని ఉంది. వాళ్లు కాకినాడ వైపు వాళ్లు. భర్త కేశవరావు గారు ఏదో వేర్‌హౌస్‌లో సూపర్‌వైజర్, ఆవిడ వృద్ధుల కేర్ హోంలో పని చేస్తుంది. పిల్లల్లేరు. అంతకుముందు ఒకటి రెండుసార్లు ఎక్కడో కలిశాం, నమస్కారాల వరకే. అప్పుడు మనిషి కళకళలాడుతూ ఉండేది. ఇప్పుడు కళ్లకింద గుంటలు పడ్డాయి.

ఎవరో అడిగారు, "అక్క కూతురొస్తుందన్నారు కదా, వచ్చిందా?" అని.

"ఎక్కడొచ్చిందండీ," అంది మంగళ. "వచ్చిన పిల్లని గుమ్మంలోంచి తిప్పి పంపేశారు."

ఆవిడ చెప్పుకుపోయింది. ఎన్నోసార్లు చెప్పి చెప్పి అరిగిపోయిన గొంతు.

"మా అక్క జనవరిలో పోయిందండి. కిడ్నీలు. బావ ఎప్పుడో వదిలేసి పోయాడు, ఎక్కడున్నాడో తెలీదు. పిల్ల ఒక్కత్తే మిగిలిపోయింది. దాని పేరు సాయిప్రియ, మేమంతా పండు అంటాం. పదిహేనేళ్లు. టెన్త్ పరీక్షలయ్యేదాకా పక్కింటోళ్ల దగ్గరుంచి, అవ్వగానే విజిటర్ వీసా తీశాం. మూడు నెలలు నా దగ్గరుంటే కాస్త తేరుకుంటుంది, ఈలోగా ఇక్కడ లాయర్‌ని కనుక్కుందాం అనుకున్నాం. నేను అరైవల్స్ దగ్గర నించునే ఉన్నానండి. ఆ ఫ్లయిట్‌వాళ్లంతా వెళ్లిపోయారు. ఇది రాలేదు. ఆఖరికి లోపల్నుంచి ఆఫీసర్ ఫోన్ చేశాడు. అమ్మాయి ఎన్నాళ్లుంటుంది అన్నాడు. మూడు నెలలండీ అన్నాను. 'కానీ ఆమె మీతోనే లివ్ అవుతానంటోంది' అన్నాడు. అంటే విజిటర్ వీసా మీదొచ్చి ఇక్కడే ఉండిపోతుందని."

"అయ్యో, పిల్ల అలా ఎందుకందండీ?"

"పిల్ల అలా అనలేదండీ!" మంగళ గొంతు ఒక్కసారి లేచింది. "దానికి వచ్చిన మాట ఉంటాననే. పిన్ని దగ్గర ఉంటానండీ అనుంటుంది. మనమంతా అలాగే అంటాం కదా? సెలవులకెళ్తే అత్త దగ్గరుంటాను అనమా? దాన్ని తీసుకెళ్లి లివ్ అని చెప్పింది ఎవత్తో. ఇంటర్‌ప్రెటరంట. మన తెలుగు మనిషేనంట. దానికి పిల్లలున్నారో లేదో మరి."

నీలిమ చేతిలో గరిటె ఆగలేదు. ఎదురుగా ఉన్న పిల్లవాడి ప్లేటులో పెరుగన్నం పెడుతూనే ఉంది. వాడు "ఇనఫ్ ఆంటీ" అన్నాడు. మళ్లీ పెట్టింది. వాడు ప్లేటు వెనక్కి లాక్కున్నాడు. అన్నం టేబుల్ క్లాత్ మీద పడింది. "సారీ నాన్నా" అని ఆమె టిష్యూలతో దాన్ని తుడవడం మొదలుపెట్టింది. మరక పోయాక కూడా తుడుస్తూనే ఉంది.

నాకప్పుడు అర్థమైంది.

ఇంటికొచ్చాక ఆర్యన్ లోపలికి పరిగెత్తాడు. గారేజ్‌లో కారు ఆపినా మేమిద్దరం దిగలేదు. గారేజ్ లైటు దానంతటదే ఆరిపోయింది. నేనేమీ అడగలేదు, నియమం ప్రకారం. ఆమే చెప్పింది.

ఎయిర్‌పోర్ట్ నుంచి కాల్. గదిలో ముగ్గురున్నారట. ఆఫీసర్, అమ్మాయి, మైనర్ కాబట్టి పక్కన కూర్చోబెట్టిన ఇంకో ఆవిడ. ఆవిడ మొత్తం మీద ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆఫీసర్ కుర్రవాడు, గొంతు మెత్తగా ఉంది. ముందు అమ్మాయికి హాట్ చాక్లెట్ కావాలా అని అడిగాడు. అమ్మాయి మొదట్లో అన్నింటికీ "ఆయ్" అనో "లేదండీ" అనో జవాబు చెప్పింది. నీలిమ తనని తాను పరిచయం చేసుకుని, 'నేను తెలుగులో చెబుతాను, నువ్వు తెలుగులోనే చెప్పొచ్చు' అన్నాక, ఫోన్‌లో గట్టిగా ఊపిరి వదిలిన చప్పుడు వినిపించిందట. అక్కడి నుంచి అమ్మాయి మాట్లాడటం మొదలుపెట్టింది.

"పెట్టె తెరిచినట్టున్నడు," అంది నీలిమ. "లోపల వాళ్లమ్మ ఫొటో ఉంది. ఫ్రేము కట్టి, దండ వేసింది. చూడ్డానికి వచ్చేవాళ్లు ఇట్లాంటిది ఎందుకు తెచ్చుకుంటరు అని అడిగిండు. నేను తెలుగుల అడిగిన. ఆ పిల్ల ఏమన్నదో తెలుసా? 'ఇంట్లో ఎవరూ లేరు కదండీ. అమ్మని ఒక్కత్తినే ఎలా వదిలేసి వస్తాను' అన్నది. అది ఇంగ్లీష్‌ల చెప్పేటప్పుడు నా గొంతు వణికింది. వణకొద్దు. కానీ వణికింది. తర్వాత అడిగిండు, ఇక్కడ నీ ప్లాన్ ఏంది అని. 'పిన్ని దగ్గర ఉంటానండీ' అన్నది. ఐ విల్ లివ్ విత్ మై ఆంట్ అన్న. నా నోటితోనే, నేను అనే అన్న."

"తప్పేం చెప్పలేదు కదా."

"చెప్పలేదు. అదే కదా." ఆమె సీటు బెల్టు ఇంకా తియ్యలేదు, దాన్ని పట్టుకునే మాట్లాడుతోంది. "ఆ మాటకు రెండు అర్థాలున్నయని ఆఫీసర్‌కు చెప్పే హక్కు నాకుంది వంశీ. అట్ల ఆపి చెప్పమనే మాకు నేర్పిస్తరు. ఒక్క నిమిషం ఆపి, 'సర్, ఈ మాట స్టే కావొచ్చు, లివ్ కావొచ్చు, ఆమెనే మళ్ల అడగండి' అంటే అయిపోయేది. అనలేదు. ఎందుకంటే నాకు తెలిసిపోయింది. ఆ పిల్ల ఉండిపోను వచ్చిందని ఆ గొంతు వింటేనే తెలిసిపోయింది. తెలిసిన మాట చెప్పేసిన."

"అంటే నిజమే చెప్పినవ్."

"దాని మనసుల ఉన్నది దానికే తెల్వదు. దాన్ని నేను బయటపెట్టిన."

ఆమె మళ్లీ అంది. "లైన్ కట్ చేసే ముందర పక్కనున్నామెతో అన్నడు, 'ఇది ఎటైనా చెయ్యొచ్చు' అని. అది నాకు చెప్పింది కాదు, నేను తెలుగుల చెప్పాల్సిన మాట కాదు. కానీ విన్న. చట్టంల రద్దు చెయ్యవచ్చు అనే ఉంటదట, చెయ్యాలి అని ఉండదట. రానిచ్చేటోడేనేమో. కొద్దిసేపు ఆలోచించిండు. తర్వాత క్యాన్సిల్ చేస్తున్నా అన్నడు. నేను ఆ పిల్లకు 'నీ వీసా రద్దు చేస్తున్నాను' అని చెప్పిన. అది కూడా నేను అనే."

నాకు ఆ చీకట్లో ఇంకో విషయం గుర్తొచ్చింది. దాన్ని నీలిమతో అనలేదు, ఆమెకీ గుర్తొచ్చే ఉంటుంది. మాకు ఇక్కడ శాశ్వతంగా ఉండనిచ్చే పీఆర్ రావడానికి తక్కువపడ్డ పాయింట్లు తెలుగు భాష పరీక్షతోనే వచ్చాయి. నీలిమ పరీక్ష పాసైన రోజు స్వీట్లు పంచాం. తెలుగు వచ్చినందుకు దేశం ఇచ్చారని జోకులేసుకున్నాం. ఆ పరీక్షతోనే ఆమెకి ఈ పని మీద ఇష్టం పుట్టింది, పెద్ద పరీక్షలు రాసి ఇంటర్‌ప్రెటర్ అయింది. అదే భాషలో అదే నోటితో ఒక పిల్ల వెనక్కి వెళ్లిపోయింది.

"మంగళ గారికి చెప్పేస్త," అంది.

"పిచ్చిదానివా? విన్నది బయట చెప్తే పని పోతది. పైగా చెప్తే వాళ్లకేమొస్తది? పిల్ల తిరిగొస్తదా?"

"నువ్వు కూడా లివ్ అనే అన్నవ్ కదా, అడిగితే," అంది ఆశగా.

"అవును. ఎవరైనా అంతే అంటరు," అన్నాను. ఆ మాట అనడం నాకెంత సులువుగా ఉందో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆమె బెల్టు తీసి, "కాని నువ్వు ఎవ్వరినీ పంపించలేదు," అని కారు దిగి లోపలికి వెళ్లిపోయింది.

మంగళకి చెప్పలేదు, నా మాట విని. దాని బదులు ఆవిడతో స్నేహం మొదలుపెట్టింది. ముందు ఓసారి గుత్తివంకాయ చేసి తీసుకెళ్లింది. తర్వాత ఎవరో మంచి ఇమిగ్రేషన్ లాయర్ ఉన్నారని కనుక్కుని, తనే దగ్గరుండి తీసుకెళ్లింది. లాయర్ దగ్గర గంటలు గంటలు కూర్చుని ఆవిడకి ప్రతి మాటా తెలుగులో విడమరిచి చెప్పేది, ఒక్కో మాటకి రెండు మూడు అర్థాలు చెబుతూ. మంగళ శ్రావ్యతో అందట, 'తోడబుట్టింది కూడా ఇంత చెయ్యదు' అని. ఆ సంగతి శ్రావ్య మెచ్చుకోలుగా మాకు చెబితే, నీలిమ లేచి వంటింట్లోకి వెళ్లి పంపు తిప్పింది. అది స్నేహం కాదని నాకు తెలుసు. ఆ ఇంటికి వెళ్లొచ్చిన ప్రతిసారీ మనిషి ఇంకాస్త తగ్గి వచ్చేది. అయినా వెళ్లేది.

నేను మాత్రం మంగళ వాళ్ల ఇంటికి వెళ్లడం తప్పించుకునేవాణ్ని. వెళ్లినప్పుడు కేశవరావు గారు కాఫీ ఇచ్చి, "మీ ఆవిడ మాకు దేవతండీ" అంటే నాకు ఎటు చూడాలో తెలిసేది కాదు. ఒకసారి ఆయన పండు కోసం సిద్ధం చేసిన గది చూపించారు. గోడలకి లేత పసుపు రంగు వేశారు. మంచం మీద ప్లాస్టిక్ కవరు తియ్యలేదు. కిటికీ దగ్గర టేబుల్ మీద కొత్త పెన్నులు, ఒక గ్లోబు. "గ్లోబు ఎందుకంటే, కాకినాడ ఎక్కడుందో, మనమెక్కడున్నామో చూపిద్దామని," అన్నారు. నేను గ్లోబు తిప్పాను. ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి తిప్పాను.

ఆగస్టు మధ్యలో లాయర్ తేల్చి చెప్పింది. ఒకసారి రద్దయితే కొన్నేళ్లు విజిటర్ వీసా రావడం కష్టం. ప్రత్యేకంగా కనికరించమని అడగొచ్చు. ఇవ్వడం, ఇవ్వకపోవడం మళ్లీ ఒక ఆఫీసర్ ఇష్టం. తల్లిదండ్రులు లేని పిల్లలకి ఇచ్చే వీసా వేరే ఉంది, కానీ తండ్రి పోలేదు, కనబడటం లేదు, అదెలా నిరూపిస్తారు? నిరూపించినా వరస చాలా పొడుగు. పిల్ల అప్పటికి పెద్దదైపోతుంది. మంగళ ఆ సాయంత్రం నీలిమకి ఫోన్ చేసి ఏడవలేదట, గుమ్మడికాయ ముక్కలు తరుగుతూ మాట్లాడిందట. ఆ చప్పుడు నీలిమకి నాలుగు రోజులు వినిపించింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం మేమిద్దరం వాళ్లింటికి వెళ్లాం. అప్పటికి చలి కొంచెం విరిగింది, దారి పక్క తుమ్మ జాతి వాటిల్ చెట్లు పసుపుపచ్చగా పూసి ఉన్నాయి. పండు ఇప్పుడు కాకినాడలో జూనియర్ కాలేజీ హాస్టల్లో ఉంటోంది. వాళ్లకి ఆదివారం మాత్రమే ఫోన్ ఇస్తారు. ఆ టైముకి నీలిమ ఎప్పుడూ అక్కడ ఉండేది కాదు, ఏదో పని చెప్పి లేచి వచ్చేసేది. ఆ రోజు కేశవరావు గారు డ్యూటీలో ఉన్నారు. మంగళ కాఫీకి పాలు పొయ్యి మీద పెట్టి మాతో మాట్లాడుతూ ఉండగా, అనుకున్న టైముకంటే ముందే వీడియో కాల్ వచ్చింది. ఆవిడ హాల్లోకి వెళ్లి సోఫాలో కూర్చుంది. నేను గుమ్మం దగ్గర చెప్పులు చూసుకుంటున్నట్టు నిలబడ్డాను. నీలిమ వంటింట్లో చిక్కుకుపోయింది.

మంగళ, పండు మెస్ గురించి, రూమ్మేట్ల గురించి మాట్లాడుకుంటున్నారు. పిల్ల గొంతు పల్చగా, హుషారు తెచ్చుకున్నట్టు ఉంది. అప్పుడు పాలు పొంగాయి. నీలిమ ఏ ఆలోచనా లేకుండా, ఏ ఆడమనిషైనా అరిచినట్టు, "మంగళ గారూ, పాలు పొంగుతున్నయి!" అని అరిచింది.

ఫోన్‌లో మాట ఆగింది.

"పిన్నీ, ఎవరు మాట్లాడేది?"

"నీలిమ ఆంటీ. చెప్పాను కదా, మనకి సాయం చేస్తున్నావిడ."

"ఆవిణ్ని ఇంకోసారి మాట్లాడమనవా?"

"ఎందుకే?"

"ఆ గొంతు నాకు తెలుసు పిన్నీ. ఎయిర్‌పోర్టులో ఫోన్లో మాట్లాడిన ఆంటీ గొంతు."

వంటింట్లో పొయ్యి ఆరిన చప్పుడు వినిపించింది. నీలిమ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మంగళ తల తిప్పి ఆమె వైపు చూసింది. నీలిమ తల దించుకోలేదు, ఊపలేదు. మంగళ ముఖంలో రంగు మెల్లగా మారడం నేను చూశాను. అందులో కోపం కంటే ముందు ఏదో వెతుక్కోవడం ఉంది. వంకాయ కూర, లాయరు ఆఫీసు, అన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుని పక్కన పెడుతున్నట్టు.

తర్వాత ఆవిడ లేచింది. నీలిమ ముఖంలోకి చూడకుండా ఫోన్ తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

"మాట్లాడండి," అని, పసుపు గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

నీలిమ అక్కడే నేలమీద కూర్చుంది. ఆ చిన్న తెరమీద ఒక పొడుగు జడ, బక్క ముఖం, వెనక ఇనప మంచాలు.

"మీరేనాండీ?" అంది పిల్ల.

"నేనే అమ్మా."

"అమ్మయ్య. బాగున్నారాండీ? ఆ రోజు అక్కడ తెలుగు మాట్లాడింది మీరొక్కరేనండి. మీ గొంతు వినగానే ఇంక భయం లేదనుకున్నాను. అందుకే అన్నీ చెప్పేశాను." గొంతు తగ్గించింది. "ఆంటీ, ఒకటి అడగనా? నేనేం తప్పు మాట్లాడానండీ ఆ రోజు? పిన్నిని అడిగితే ఏం లేదంటుంది. బాబాయిని అడిగితే మాట మార్చేస్తారు. నేను ఏదో అనే ఉంటాను కదండీ, లేకపోతే ఎందుకు పంపించేస్తారు?"

నీలిమ రెండున్నర నెలలుగా దాచుకున్న తెలుగంతా అప్పుడు మాట్లాడింది. ఉంటాను అన్న మాట గురించి, దాన్ని తను ఎలా చెప్పిందో, ఇంకెలా చెప్పి ఉండొచ్చో, ఆఫీసర్‌ని ఎక్కడ ఆపాల్సిందో, ఎందుకు ఆపలేదో, అన్నీ చెప్పింది. ఏడవకుండా, చిన్నపిల్లకి లెక్క చెప్పినట్టు నిదానంగా చెప్పింది. "నువ్వేం తప్పు మాట్లాడలేదు. నీ మాట బాగానే ఉంది. నేనే సరిగ్గా దాటించలేదు," అంది. పని పోతుందన్న మాట ఇద్దరం మరిచిపోయాం.

పిల్ల జడ కొస వేలికి చుట్టుకుంది. వెనక ఎవరో బకెట్టు ఈడ్చుకుంటూ పోయారు.

"మీరు ఇంకోలా చెప్పుంటే నన్ను పంపేవాళ్లాండీ, పిన్ని దగ్గరికి?"

"తెలీదమ్మా."

"పంపేవాళ్లేమో."

"పంపేవాళ్లేమో. పంపకపోయేవాళ్లేమో. ఆయన ఎటైనా చెయ్యొచ్చు అన్నాడు. నాకు నిజంగా తెలీదు."

"అయితే ఎవరికి తెలుసండీ?"

"ఆ ఆఫీసర్‌కి తెలియాలి."

పండు ఆలోచించింది. హాస్టల్లో గంట మోగింది, వెనక పిల్లలు ఫోన్లు ఇచ్చెయ్యమని అరుస్తున్నారు. ఆమె ముఖం తెరకి బాగా దగ్గరగా వచ్చింది.

"ఆయన నాకు చాక్లెట్ పాలు ఇచ్చాడండీ. వేడిగా ఉన్నాయి, తాగలేకపోయాను," అంది. "ఆయనకి నేను గుర్తుంటానాండీ?"

నీలిమ తలెత్తి నా వైపు చూసింది. నేను గుమ్మంలో, చేతిలో కారు తాళాలతో నిలబడి ఉన్నాను. పిల్ల జవాబు కోసం చూస్తూనే ఉంది. మా ఇద్దరిలో ఎవరం నోరు తెరవకముందే అక్కడ పండు చేతిలోంచి ఎవరో ఫోన్ తీసేసుకున్నారు.